అద్దె గదిలో మన పొయ్యి ఎప్పుడు వెలుగును?

ముంబయిలోని కామాటిపురమునకు ఆ పేరు, పూర్వము తెలుగునాటినుండి కట్టడపు పనులకై వలసవచ్చిన కామాటీలవలన కలిగినది. అచ్చటి చాల్ అను వరుసగదుల అద్దె భవనములో ఇరుకైన గదిని అద్దెకు గొన్నవానికి యజమాని గోడలను, కప్పును ఒసంగును; పొయ్యి తానే తెచ్చుకొనవలెను; అయితే కరెంటు పొయ్యిని తెచ్చినపుడు గోడలో తగిన ప్లగ్గు లేనిచో, అది ఎంత మేలైనదైనను అన్నము ఉడుకదు.

వెబ్‌సైటునకు చోటిచ్చు హోస్టింగును అట్టిదే. 2003లో మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ వెలువరించిన వర్డ్‌ప్రెస్ అను బ్లాగు సాఫ్ట్‌వేరు పీహెచ్‌పీ భాషలో వ్రాయబడినది. పాఠకుడు పుటను కోరినపుడు, హోస్టింగువారి కంప్యూటరైన సర్వరు ఆ భాషలోని ఆదేశములను నడిపి, మైఎస్‌క్యూఎల్ వంటి డేటాబేసునుండి వ్యాసమును వెలికిదీసి, పుటను కూర్చి పంపవలెను. సిద్ధముగానున్న పుటలను మాత్రమే పంపగల సర్వరునకు ఈ పని సాధ్యము కాదు.

కావున బాలలారా, మీ అవ్వ చెప్పు పాలమూరు ముచ్చట్లను వర్డ్‌ప్రెస్ బ్లాగులో నిలుపదలచినచో, రుసుము చెల్లింపకమునుపే, "పీహెచ్‌పీ ఏ వెర్షను? డేటాబేసు కలదా?" అని హోస్టింగువారిని అడుగుడు.