టిఫిన్ డబ్బాలో నెమలి

గరివిడిలో రైలెక్కి విజయనగరంలో దిగేదాకా నా ఒళ్లో ఓ పాత టిఫిన్ డబ్బా ఉంటుంది. అందులో ఇడ్లీలుండవు, అమ్మ మొదలెట్టిన క్రాస్ స్టిచ్ నెమలి ఉంటుంది. చూపు మందగించి, మెడ దాకా కుట్టి వదిలేసింది. అంగుళానికి 14 గళ్ల బట్ట, 10 అంగుళాలు బై 7. అంటే 13,720 గళ్లు! ఆ లెక్కకే భయపడి రెండేళ్లు బీరువాలో దాచేశాను.

ఇప్పుడు పదేసి గళ్లకోసారి లేతరంగు దారంతో కచ్చా కుట్టు వేసుకున్నాను. రోజుకో చదరం, 100 కుట్లు. వెళ్లేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం. దారాలన్నీ మొయ్యను. ఆ రోజుకి కావలసినవే రెండేసి పోగులుగా విడదీసి, చిల్లులు పొడిచిన పాత పెళ్లికార్డు ముక్కకి కట్టి, పక్కనే రంగు నంబరు రాసుకుంటాను. దిగేముందు ఫ్రేము విప్పెయ్యండి, లేకపోతే ముడత పోదు. నాకది ఆలస్యంగా తెలిసింది.

ఓరోజు నెల్లిమర్ల దగ్గర ఎవరిదో మోచెయ్యి తగిలి ఒక గడి తప్పాను. చూసుకోకుండా కుట్టుకుంటూ పోయాను, రెక్కంతా పక్కకి జరిగింది. మూడు రోజుల పని విప్పాల్సొచ్చింది.

సాయంత్రం అమ్మ బట్టని వేళ్లతో తడుముతుంది. "తోక ఇంకా అవనేదేటే?" అంటుంది.

ఇంకా 19 చదరాలున్నాయి.