ఖాళీగా లేని మెట్ట

అమెరికాలో స్థిరపడిన మా పెదనాన్నగారి అబ్బాయి మొన్న ఫోను చేశాడు. దమ్మపేట సమీపంలో మా ఇద్దరికీ ఉమ్మడిగా ఎనిమిది ఎకరాల మెట్ట ఉంది. "ఇన్నేళ్ళుగా ఖాళీగా పడి ఉంది తమ్ముడూ, పామాయిల్ వేద్దాం" అన్నాడు.

అతడు ఖాళీ అన్న నేలలో ఒక కోయ కుటుంబం ఇరవై ఏళ్ళుగా కంది, జొన్న, పత్తి పండిస్తోంది. ఏటా కౌలు ముట్టజెబుతోంది. ఆ కౌలు ఏ కాగితం మీదా లేదు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలు పట్టాదారుల ఖాతాల్లోనే పడ్డాయి. మావీ పడ్డాయి. వాన కోసం ఎదురుచూసిన మనిషికి అందులో రూపాయి లేదు.

మాది కోస్తా నుంచి వచ్చిన కమ్మ కుటుంబం. మా పెద్దలు ఈ అడవి అంచుకు వచ్చినప్పుడు వాడిన మాటా 'ఖాళీ'యే. పోడు చేసి, మళ్ళీ సారం పుంజుకోవడానికి కోయలు విడిచిన చెలకలను వాళ్ళు బంజరు అనుకున్నారు. లేదా అనుకోవడమే లాభమని తెలుసుకున్నారు. మా తాత పేరు పహాణీలోకి ఎక్కింది గానీ, కొన్న కాగితం మాత్రం ఇంట్లో ఎవరూ చూడలేదు.

అన్నయ్య లెక్క తప్పు కాదు. అశ్వారావుపేటలోనూ, దమ్మపేట మండలం అప్పారావుపేటలోనూ ఆయిల్‌ఫెడ్ కర్మాగారాలున్నాయి. ఎకరాకు 57 మొక్కలు, నాలుగో ఏటి నుంచి గెలలు, పాతికేళ్ళకు పైగా రాబడి. డ్రిప్ ఉంటే ఒక మనిషి చూసుకోగలడు. యజమాని రానక్కరలేని పంట కనుకనే అది దూరంగా ఉండేవారికి అంత ముద్దొస్తుంది. కానీ అది మెట్ట పంట కాదు. ఎదిగిన చెట్టు వేసవిలో రోజుకు సుమారు 200 లీటర్ల నీరు అడుగుతుంది, అంటే బోరు వేయాలి. తొలి మూడేళ్ళు అంతరపంటకు చోటుంటుంది. నీడ కమ్మాక కౌలుదారుకు చోటుండదు. ఆ కుటుంబం గెలలు కోసే కూలికి పోవాలి, లేదా అడవిలోకి జరిగి పోడు కొట్టాలి. అప్పుడు వాళ్ళను ఆక్రమణదారులంటారు.

దమ్మపేట షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణకు వర్తించాయి. 1970 సవరణ, అందరూ 1/70 అనేది, గిరిజనేతరుల మధ్య క్రయవిక్రయాలనూ నిషేధించింది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని ముందుగా భావించాలంది; కాదని రుజువు చేసుకోవలసినది అతడే. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. కొన్న కాగితం లేని మేము ఆ రుజువు ఎక్కడి నుంచి తేగలం?

ఈ చట్టాన్ని మావాళ్ళు ఎప్పుడూ అడ్డుగోడగానే చెప్పుకున్నారు. అందులో తెరిచి ఉంచిన తలుపు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, కౌలు కూడా. అది షెడ్యూల్డు తెగకు చెందినవారికి గానీ, వారు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ చెల్లుతుంది. దూరాన ఉన్న యజమాని భూమిని పండించే మార్గం ఆ వాక్యంలోనే ఉంది. దున్నుతున్న కుటుంబానికే రాతపూర్వకంగా, దీర్ఘకాలానికి కౌలు ఇవ్వడం. ఏ పంట వేయాలో వాళ్ళనే నిర్ణయించుకోనివ్వడం. పామాయిలే కావాలంటే అదీ వాళ్ళ చేతి పంటగానే ఉండాలి. కొన్నాళ్ళకు వాళ్ళకే అమ్మడానికీ చట్టం అడ్డు రాదు.

అన్నయ్యతో ఇదే అన్నాను. కాసేపు మౌనం. "కాగితం రాసిస్తే రేపు భూమి తనదేనంటాడు కదా" అన్నాడు. ఏజెన్సీలో నోటిమాట కౌళ్ళను ఇన్నేళ్ళు నిలిపి ఉంచినది ఆ భయమే. "అంటే, కాదనడానికి మన దగ్గరేముంది?" అని అడిగాను. జవాబు చెప్పలేదు. సంక్రాంతికి వస్తానన్నాడు. గుంతలు తీయించే మాట అప్పటిదాకా ఎత్తవద్దనీ, ముందు ఆ రైతు ఇంటికి వెళ్ళి కూర్చుందామనీ చెప్పాను.