తెలియకుండ తరుగు చూపు

నిజాంసాగర్ కాలువ క్రింద వరియు చెరకును పండించుకొను చందూర్, వర్ని, బోధన్ ప్రాంతముల పెద్దలు తమ చూపు చక్కగా నున్నదనుటకు దూరమునుండి వచ్చు బస్సు బోర్డును చదువగలుగుటనే నిదర్శనముగా జూపుదురు. కాని నీటికాసులు, అనగా గ్లకోమా, మొదట కబళించునది ఆ చదువు చూపును గాదు. కంటినరపు తంతువులు క్రమముగా నశించుచుండగా నడిమి చూపు చిరకాలము నిలిచియే యుండి, దాని చుట్టునున్న భాగములు మాసిపోవును. ఒక కంటి లోటును రెండవ కన్నును, మిగిలినదానిని మెదడును పూడ్చివేయుటచే, గడప కాలికి తగులువరకు, ప్రక్కనుండి వచ్చిన సైకిలు మీదపడువరకు రోగికి సంగతి తెలియదు.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996-2000 నడుమ జరిపిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనములో, మనకు గోదావరి ఆవలనున్న ఆదిలాబాదు జిల్లాతో గూడ నాలుగు ప్రాంతములలో 10,293 మందిని పరీక్షించిరి. వైద్యసదుపాయములున్న రాజధానిలోనే ఓపెన్ యాంగిల్ గ్లకోమా బయటపడినవారిలో నూటికి తొంబదిమందికి పైగా అంతకుముందు తమకు ఆ వ్యాధి యున్నదని యెరుగరు.

ఇట్లు తెలియకుండ తరుగు చుట్టుచూపును కొలుచుటకు హంఫ్రీ యంత్రము గలదు. గిన్నెవలె గుల్లగానున్న తెల్లని తెర యెదుట గడ్డమానించి, ఒక కంటిని కప్పుకొని, నడిమి దీపముపై చూపు నిలిపి, సెకండులో అయిదవ వంతు మాత్రమే మెరయు వెలుగుచుక్క యెచ్చట గనబడినను బటన్ నొక్కవలెను. 24-2 అను పరీక్షలో 54 చోట్ల కన్ను ఎంత మసక వెలుగును పట్టగలదో డెసిబెల్‌లలో తేల్చి, ఆ వయసు ఆరోగ్యవంతులతో సరిపోల్చి, సగటు లోటును ముద్రింతురు. అది సున్నకు దగ్గరగానున్న మేలు. −12 దాటినచో వ్యాధి ముదిరినట్లు.

అయితే ఒక్క కాగితమును నమ్మి దిగులుపడరాదు, సంతోషింపనురాదు. తొలిసారి బెదురు, అలసట, వ్రాలిన కనురెప్ప ఫలితమును చెడగొట్టును. మలిసారి అలవాటు వలన అంకె మెరుగుపడవచ్చును. శుక్లము ముదిరినచో చూపంతయు మసకబారును. అందుచేతనే క్రొత్త రోగులకు మొదటి రెండేండ్లలో ఆరు పరీక్షలు జరుపవలెనని 2008లో నిపుణులు సూచించిరి. నేడు −8 వద్దనున్న ఇద్దరిలో, ఏటికి 0.3 చొప్పున కోల్పోవు డెబ్బదేండ్ల వృద్ధునకు చుక్కలమందు చాలవచ్చును, 1.5 చొప్పున కోల్పోవు నలువదియైదేండ్ల రైతు ఎనిమిదేండ్లలో −20కి జారును గనుక వానికి చికిత్సను వెంటనే పెంచవలెను. ఆ వేగము అనేక కొలతల వరుసలోనే గాని తెలియదు, పోయిన చూపు మరల రాదు.

కావున పట్టాదారు పాసుపుస్తకమును దాచు పెట్టెలోనే ఈ కాగితములను తేదీలవారీగా దాచుకొని, బోధన్‌లో చూపించుకొన్నను నిజామాబాదులో చూపించుకొన్నను వానినన్నిటిని వెంట గొనిపోవలెను. అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను, బిడ్డలను గూడ ఒకమారు పరీక్షింపజేయవలెను.