పక్క వాటాలో కొత్త మనిషి

2009 జనవరిలో మైక్రోసాఫ్టువారు విండోస్ 7 బీటా ప్రతిని, అంటే ఇంకా పరీక్షలో ఉన్నదాన్ని, జనానికి ఇచ్చారు. అందులోని మీడియా ప్లేయరు కొన్ని ఎంపీ3 పాటలకు మొదట్లో కొన్ని సెకన్లు కత్తిరించి పారేసేది! సవరణ వారే ఇచ్చారనుకోండి. కాని అప్పటికే తెగిన ఆలాపన తెగినట్టే. ఆ ప్రతి ఆయుష్షూ అంతంతే. జూలై 1 నుంచి రెండు గంటలకోసారి తనంత తానే ఆగిపోయేది. ఆగస్టు 1తో చెల్లు.

ఇదంతా ఎందుకంటే, కొండగట్టులో ఫొటో స్టూడియో నడిపే మా మేనల్లుడికి ఇప్పుడు అలాంటి ముచ్చటే పుట్టింది. "పాతదాన్ని ముట్టను మామా. డిస్కును రెండు భాగాలు చేసి, కొత్తది పక్కన పెడ్త" అంటాడు.

భాగాలు రెండైనా డిస్కు ఒకటే కదండీ! ఒకే ఇంట్లో రెండు వాటాలు. మధ్య తలుపుకు సాధారణంగా గడియ ఉండదు, వీధి గుమ్మమూ ఒక్కటే. మీట నొక్కగానే ఏ విండోస్ లేవాలో చెప్పే చిన్న ప్రోగ్రామే ఆ గుమ్మం. అది చెడితే పాతదీ తెరుచుకోదు.

పాటైతే మరోచోట దొరుకుతుంది. వాడి డిస్కులో ఉన్నవి అంజన్న కొండకు వచ్చినవాళ్ల పిల్లల పుట్టువెంట్రుకల ఫొటోలు. ఆ వెంట్రుకలు మళ్లీ వస్తాయా?

అంత సరదాగా ఉంటే, మూలపడిన పాత కంప్యూటరు మీద తీర్చుకోవచ్చు. అదీ లేదంటారా? ముందు ఫొటోలన్నీ విడి డిస్కులోకి ఎక్కించి, అవి తెరుచుకుంటున్నాయో లేదో మరో కంప్యూటరులో చూసుకుని, ఆ డిస్కును తీగ ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే అదీ మూడో వాటాయే!