ఎముక ఎండిన కర్ర కాదు

పాయా షోర్బా తాగితే ఎముకలు గట్టిపడతాయని మన ఇళ్ళలో పెద్దలు చెబుతుంటారు. మేమూ అదే నమ్ముతూ పెరిగాము. నిజానికి ఆ షోర్బాలోకి దిగేది ఎక్కువగా జిగురు పదార్థమే, కాల్షియం స్వల్పం.

పుట్టిన బిడ్డకు 300 వరకు ఎముకలుంటాయి. పెరిగేకొద్దీ కొన్ని అతుక్కుపోయి పెద్దయ్యాక 206 మిగులుతాయి. పీచులాంటి మాంసకృత్తు ఎముకకు కాస్త వంగే గుణాన్నిస్తే, కాల్షియం, భాస్వరం కలిసిన లవణం గట్టిదనాన్నిస్తుంది. లోపలి మజ్జలో, అంటే మనం గూదా అనేదానిలో, రక్తకణాలు తయారవుతాయి. పాత ఎముక కరగడం, కొత్తది ఏర్పడడం జీవితాంతం సాగుతూనే ఉంటుంది.

ఈ విద్య పుస్తకాలతోనే ఎదగలేదు. క్రీ.శ. 1200 ప్రాంతంలో ఈజిప్టులో ఘోరమైన కరవు వచ్చింది. అబ్దుల్ లతీఫ్ అల్ బగ్దాదీ అనే హకీం అక్కడ చనిపోయినవారి ఎముకలను పరిశీలించారు. కింది దవడ రెండు ఎముకలని గ్రీకు వైద్యుడు గాలెన్ రాయగా, అది ఒకే ఎముక అని రెండు వేలకు పైగా పుర్రెలు చూసి తేల్చారు. ఎంతటి ఉస్తాదు మాటకన్నా కళ్ళారా చూసిందే మిన్న అన్నమాట.

ఒంటిలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంటుంది. తిండిలో చాలనప్పుడు రక్తం ఆ ఖజానా నుంచే తీసుకుంటుంది. అయితే ఆ ఖజానాకు మంచీ చెడూ తెలియదు. సీసం కూడా కాల్షియంలాగే అందులో చేరి దశాబ్దాలు ఉండిపోతుంది. గర్భిణిగా ఉన్నప్పుడు, ముసలితనంలో మళ్ళీ రక్తంలోకి వస్తుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛ, వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ఆ తర్వాత నిపుణులు చెప్పారు. కారణం ఏదైనా, నోట్లోకి పోయేదాన్ని గమనించుకోవాలన్న పాఠం మాత్రం మిగిలింది.

ఎముకకు బలమిచ్చేది మన దగ్గరే ఉంది. ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్ళలో వండుకునే పరిగెల వంటి చిన్న చేపలను ముల్లుతో సహా నమిలి తింటే కాల్షియం దొరుకుతుంది. అది ఒంటపట్టడానికి డి విటమిన్ కావాలి. ఎండ సోకితే చర్మమే దాన్ని తయారుచేస్తుంది. పరదా పాటించే ఆడపిల్లలు పెరట్లోనో డాబా మీదో కాసేపు ఎండలో కూర్చోవాలి.

ఒక్క మాట మరువరాదు. తమ్మిలేరు ఏలూరు మీదుగా కొల్లేటికే పోతుంది. మనం ఏట్లో వదిలిన మురుగు చేపలోకి, చేప నుంచి మన పిల్లల ఎముకల్లోకి చేరగలదు. ఏరు శుభ్రంగా ఉంటేనే ఆ ఖజానా శుభ్రంగా ఉంటుంది.