5.10 పెద్దదా? 5.9 పెద్దదా?

మీ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి ‘అబౌట్ ఫోన్’లోకి వెళ్లండి. ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే చాలా ఫోన్లలో ‘కెర్నల్ వెర్షన్’ అని ఒకటి కనిపిస్తుంది. 5.10 అనో, 6.1 అనో మొదలై వెనకాల ఇంకో బారెడు ఉంటుంది. అదే లైనక్స్. ప్రపంచమంతా కలిసి రాస్తున్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్.

ఇప్పుడు చెప్పండి, 5.10 పెద్దదా, 5.9 పెద్దదా? లెక్కల క్లాసులో అయితే 5.9. ఇక్కడ మాత్రం 5.10. ఎందుకంటే ఇది దశాంశం కాదు. చుక్కకి అటు ఒక లెక్క, ఇటు ఒక లెక్క. తొమ్మిది తర్వాత పది, అంతే. ఈ చిన్న విషయం దగ్గరే ప్రోగ్రాములు కూడా బోల్తా పడ్డాయి. 2021లో పైథాన్ 3.10 వచ్చినప్పుడు, వెర్షన్‌లో మొదటి మూడు అక్షరాలే చదివే పాత కోడ్‌కి అది 3.1లా కనిపించింది!

ఈ అంకెలకి ఎక్కువమంది వాడే పద్ధతి ‘సెమాంటిక్ వెర్షనింగ్’. గిట్‌హబ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ దీన్ని రాసిపెట్టారు. ఉదాహరణకి 2.4.7 తీసుకోండి. చివరి 7 పెరిగితే తప్పులు దిద్దారని. మధ్యలో 4 పెరిగితే కొత్త సదుపాయం వచ్చింది, పాతవేవీ చెడలేదని. 2 కాస్తా 3 అయిందా... జాగ్రత్త, దీన్ని నమ్ముకుని మీరు రాసిన కోడ్ ఆగిపోవచ్చు. మొదట్లో సున్నా ఉంటే ఇంకా ఏ హామీ లేదని అర్థం. అంటే ఆ నంబర్ గొప్పలు చెప్పుకోవడానికి కాదు, వాడేవాళ్లకి ఇచ్చే మాట. 

తమాషా ఏంటంటే లైనక్స్ ఈ పద్ధతి పాటించదు. 2011లో 2.6.39 తర్వాత లైనస్ టోర్వాల్డ్స్ నేరుగా 3.0 అనేశారు. అద్భుతమైన ఫీచర్ వచ్చిందని కాదు, అంకెలు మరీ పెద్దవైపోతున్నాయని. లెక్కపెట్టడానికి కాళ్లూ చేతుల వేళ్లు చాలడం లేదని తర్వాత జోక్ కూడా వేశారు. అందుకే 4.20 తర్వాత 5.0, 5.19 తర్వాత 6.0.

నంబర్ విషయంలో ఇంత తేలిగ్గా ఉండే మనిషి దశల విషయంలో మాత్రం మహా పట్టుదల. కొత్త కోడ్ తీసుకోవడానికి రెండు వారాలే గడువు. ఆ తర్వాత తలుపు మూసేస్తారు. అప్పుడు వచ్చేది ఆర్‌సీ1, అంటే రిలీజ్ క్యాండిడేట్. వారానికొకటి చొప్పున మామూలుగా ఆర్‌సీ7 దాకా వెళ్తుంది, అనుమానం ఉంటే ఆర్‌సీ8 కూడా. ఈ వారాల్లో తప్పులు దిద్దడమే పని. ఆవకాయ కలిపిన మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూస్తారు కదా, అలాగ. ఉప్పు తగ్గితే వేస్తారు గానీ, కొత్తగా ఇంకో రెండు కాయలు కొట్టి వెయ్యరు.

దీనికి ముందు దశలు ఆల్ఫా, బీటా. నా మాట వింటే, యూపీఐ యాప్‌లున్న మీ ఒక్కగానొక్క ఫోన్‌లో బీటా వేయకండి. బీటా అంటే ముందుగా దొరికిన బహుమతి కాదు, జీతం లేని టెస్టర్ ఉద్యోగం.

అయితే ఆ ఉద్యోగం ఎవరో ఒకరు చేయకపోతే ఏమయ్యేదో 2024లో తెలిసింది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే చిన్న టూల్ ఉంది. దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. రెండేళ్లకు పైగా పనిచేసి నమ్మకం సంపాదించుకున్న ఒక అకౌంట్, దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టింది. సర్వర్లలోకి దూరడానికి! నంబర్ చూస్తే మామూలు అప్‌డేట్‌లాగే ఉంది. ఇక్కడ సెమాంటిక్ వెర్షనింగ్ ఏం చేస్తుంది చెప్పండి?

కాపాడింది దశలే. డెబియన్ అనే లైనక్స్‌లో ఏ ప్యాకేజీ అయినా ముందు ‘సిడ్’లోకి వస్తుంది, తర్వాత ‘టెస్టింగ్’, ఆఖర్న ‘స్టేబుల్’. సిడ్ అంటే టాయ్ స్టోరీ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడు, ఎంత సరైన పేరో చూడండి. ఆ సిడ్ వాడుతున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ రిమోట్ లాగిన్‌కి దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. ఎందుకా అని తవ్వుకుంటూ పోయి, మార్చి 29న విషయం బయటపెట్టారు. అప్పటికి ఆ వెర్షన్ ‘స్టేబుల్’ దాకా చేరలేదు.

ఇక వెనక్కి వెళ్లాలి. కానీ అప్‌డేట్‌లో నంబర్ తగ్గితే కంప్యూటర్ అది పాతదనుకుని తీసుకోదు. అందుకని డెబియన్ వాళ్లు పాత కోడ్‌నే కొత్త పేరుతో వదిలారు: ‘5.6.1+రియల్లీ5.4.5’. పైకి 5.6.1, నిజానికి 5.4.5 అన్నమాట!