పాత పుస్తకాల వ్యాపారం – పరిశోధన ఆకరాలు

పాత గ్రంథాలు, పత్రికల మీద పనిచేసిన పరిశోధకులు తమ సిద్ధాంతగ్రంథాల్లో గురువులకు, గ్రంథాలయాలకు కృతజ్ఞతలు చెప్పుకుంటారు. పాత పుస్తకాల వ్యాపారి ప్రస్తావన మాత్రం అరుదు. హైదరాబాదులో కోఠి దుకాణాలు, ఆబిడ్స్ కాలిబాటల మీద వెలిసే ఆదివారం సంత, విజయవాడలో లెనిన్ సెంటర్ తెలుగు పరిశోధకులకు కొత్తవి కావు. అక్కడ దొరికే ఆకరం మన చేతికి రాకముందు వ్యాపారి చేతిలో ఏ మార్పులకు లోనవుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ వ్యాపారంలో కొనుగోలు ఎక్కువగా తూకం లెక్క, అమ్మకం విడి లెక్క. ఇల్లు మారేటప్పుడో, ఇంటి పెద్ద కాలం చేశాకో పుస్తకాలు బయటపడి, చిత్తుకాగితాల వ్యాపారి ద్వారా దుకాణానికి చేరతాయి. ఏది నిలవాలో, ఏది గుజ్జుకు పోవాలో అక్కడే తేలుతుంది. చిన్న దుకాణానికి స్థలమే అసలు పెట్టుబడి. పోటీ పరీక్షల పుస్తకం త్వరగా అమ్ముడవుతుంది. 1924లో మొదలైన 'భారతి' పాత సంచిక ఏళ్ల తరబడి అటక మీద ఉండిపోవచ్చు. అంతకాలం చెదపురుగుల నుంచి, వాన నుంచి దాన్ని కాపాడవలసింది వ్యాపారే. మనకు అధికమనిపించే ధరలో ఈ నిరీక్షణ వెల కూడా ఉంటుంది. (బేరమాడడంలో నేనూ వెనుకబడలేదు.)

ధర కట్టేటప్పుడు వ్యాపారి చూసేది అట్ట, బొమ్మలు, తొలి ముద్రణ, సంపుటి పూర్తిగా ఉండడం. 1947 జూలైలో మొదలైన 'చందమామ' తొలి సంచికలను సేకరించేవారున్నారు. ఆ కాలపు కులసంఘ పత్రికకో, పాఠశాల వార్షిక నివేదికకో అటువంటివారు లేరు. సామాజిక చరిత్రకు అత్యవసరమైనవే ముందుగా గుజ్జుకు పోతాయి. ఇంకొక విషయం గమనార్హం. గ్రంథాలయాల్లో బైండు చేయించేటప్పుడు అట్టలు, ప్రకటనల పుటలు తొలగించిన సంపుటాలు కనిపిస్తాయి. దుకాణంలోని విడి సంచికలో అవి మిగిలి ఉంటాయి. పఠిత వర్గాన్ని అంచనా వేయడానికి ఆ ప్రకటనలకు మించిన ఆధారం దొరకడం కష్టం.

అయితే అసలు నష్టం విడదీతలో ఉంది. ఒక పాఠకుడు జీవితకాలం కూర్చుకున్న పుస్తకాలు విడివిడిగా పది చేతుల్లోకి పోతాయి. కొన్నేళ్ల క్రితం ఒక దుకాణంలో ఒకే సంతకమున్న పుస్తకాల కట్ట చూశాను. ఎవరో ఉపాధ్యాయునివి, అంచుల్లో ఛందస్సు మీద, వ్యాకరణం మీద రాసుకున్న టిప్పణులున్నాయి. చేతిలో ఉన్న సొమ్ముకు ఏడు పుస్తకాలే వచ్చాయి. మరుసటి వారం వెళ్లేసరికి మిగతావి లేవు. అవి ఏ ఇంటి నుంచి వచ్చాయని అడిగితే, "ఇల్లు చెబితే ఈసారి మీరే నేరుగా వెళ్తారు కదా సార్" అన్నాడు వ్యాపారి. ఆ మాటను తప్పుపట్టలేను. పుస్తకం పుట్టుపూర్వోత్తరాలు మనకు ఆధారం, అతనికి వ్యాపార రహస్యం. ఇంటి పేరు చెప్పకపోయినా, ఊరు, కట్ట వచ్చిన నెల చెప్పడానికి అతనికి అభ్యంతరం లేకపోయింది. ఆ మాత్రం వివరాన్ని పాదసూచికలో నమోదు చేయడం మన పరిశోధనల్లో ఇంకా అలవాటు కాలేదు.

చేతిరాత పత్రాల విషయం వేరు. 75 ఏళ్లు దాటి, సాహిత్య, చారిత్రక విలువ ఉన్న రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. తాళపత్రం కొనే ముందు పరిశోధకుడు ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

నా దగ్గరున్న ఏడు పుస్తకాల లోపలి అట్టల మీద కొన్న చోటు, తేదీ, ఆ రోజు కట్టలో చూసినట్టు గుర్తున్న ఇతర గ్రంథాల పేర్లు పెన్సిలుతో రాసి ఉంచాను.